పెట్టె మీది పేరు, చిప్పులోని నంబరు

పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించడం ఈనాడు పెద్ద పనేమీ కాకపోయినా, దానికి తగిన అదనపు పరికరాలను ఏరి తెచ్చుకోవడం మాత్రం ఇప్పటికీ ఓపికతో అబ్బే విద్యగానే మిగిలింది.

2001 నాటి ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ23ని తీసుకుంటే, దాని యూఎస్‌బీ పోర్టులు 1.1 రకానివి, అంటే సెకనుకు 12 మెగాబిట్లకు మించి మోయలేనివి కనుక, 700 ఎంబీల ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడానికి పది నిమిషాల పైనే పడుతుంది. ఈ జబ్బుకు మందు ఆ యంత్రం పక్కనున్న కార్డ్‌బస్ స్లాట్‌లోనే ఉంది. పాత పీసీఎంసీఏ కార్డు ఆకారాన్ని అలాగే ఉంచి, 32 బిట్ల పీసీఐ మార్గాన్ని అందించే ఏర్పాటును కార్డ్‌బస్ అంటారు; కార్డును చేతిలోకి తీసుకున్నప్పుడు, స్లాట్‌లోకి దూరే అంచున చిన్న బుడిపెలతో బంగారు రంగు రేకు కనిపిస్తే అది కార్డ్‌బస్, కనిపించకపోతే 16 బిట్ల పాత కార్డు. యూఎస్‌బీ 2.0 కార్డుల్లోని చిప్పులన్నీ ఈహెచ్‌సీఐ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తాయి కాబట్టి, తయారీదారు ఎవరైనా లైనక్స్‌లోని ఒకే డ్రైవర్ సరిపోతుంది. అయితే స్లాట్ ఇచ్చే కరెంటు బయటి హార్డ్‌డిస్కుకు తరచూ చాలదు. కొన్ని కార్డుల పక్కన అడాప్టర్ కోసం చిన్న గుండ్రటి రంధ్రం ఉండేది అందుకే.

వైఫై దగ్గర ఇంత సులువు లేదు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే యూఎస్‌బీ అడాప్టర్ మొదటి వెర్షన్‌లో ఆథెరోస్ ఏఆర్9271 చిప్పు ఉండేది; దాని డ్రైవర్ 2010 నుంచీ లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంది. రెండో వెర్షన్‌లో పేరు మారలేదు గాని, లోపల రియల్‌టెక్ చిప్పు వచ్చి చేరింది. పెట్టె మీది పేరును నమ్మి కొన్నవారికి ఒక పరికరానికి బదులు మరొకటి దక్కిందన్నమాట. ఇలాంటి చోట ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం చూపే నంబరే అసలు సాక్ష్యం: అందులో మొదటి నాలుగు అక్షరాంకెలు తయారీదారువి, తరువాతి నాలుగు ఆ వస్తువువి, 0సీఎఫ్3:9271 అని కనిపిస్తే అది ఏఆర్9271 చిప్పే. లోపలి మినీ పీసీఐ కార్డును మార్చే దారి కూడా ఉన్నా, కొన్ని థింక్‌ప్యాడ్‌లు తమ బయోస్ జాబితాలో లేని కార్డును చూడగానే 1802 ఎర్రర్ చూపి మొరాయిస్తాయి. సొంత ఇంటికి కొత్త కిటికీ పెట్టించుకోవడానికి పాత మేస్త్రీ అనుమతి అడగవలసి రావడం లాంటిదే ఇది.

విచిత్రమేమిటంటే, ఈ బేరంలో కొత్త సరుకు కన్నా పాత సరుకే తరచుగా నమ్మకమైనది. ఏళ్ల తరబడి కెర్నెల్‌లో నలిగిన డ్రైవర్‌కు విడిగా సీడీ గాని, డౌన్‌లోడ్ గాని అక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు డబ్బు చెల్లించే ముందే, వెర్షన్ నంబరు ముద్రించిన వెనకవైపు స్టిక్కర్ ఫోటోను అమ్మేవారి దగ్గర అడిగి తెప్పించుకోవాలి.