ఊరిపేర్ల పరిశోధనలో శోధన ఫలితాల ప్రదర్శన: ‘గండి’ శబ్దం ఆధారంగా ఒక పరిశీలన

కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’ తరువాత తెలుగు ఊరిపేర్ల మీద మరికొన్ని సిద్ధాంత వ్యాసాలు వెలువడ్డాయి. ఇటీవలి పరిశోధకులు సేకరించిన పేర్లను డేటాబేస్‌లో చేరుస్తున్నారు. ఊరు, మండలం, పూర్వపదం, ఉత్తరపదం, భౌగోళిక స్థితి, తొలి ప్రస్తావన, ఆధారం అనే గడులతో ఒక ఫారం రూపొందించుకోవడం సాధారణమైంది. అయితే ఆ ఫారంలో ఒక పదాన్ని వెతికినప్పుడు ఫలితాలు ఎలా కనబడాలన్న విషయాన్ని సాంకేతిక నిపుణులకే వదిలివేస్తున్నారు. అర్థ నిర్ణయం చాలావరకు అక్కడే జరుగుతున్నందున ఇది పరిశోధన పద్ధతికి సంబంధించిన విషయం.

హైదరాబాదు ఉత్తర శివారులోని గండిమైసమ్మను ఉదాహరణగా తీసుకోవచ్చు. ‘గండి’ అని వెతికితే గండిమైసమ్మ, గండికోట, గండిపేట, గండిపోచమ్మ, కడప జిల్లాలోని గండి క్షేత్రం వరుసగా వస్తాయి. పేర్లు మాత్రమే వేరొక జాబితాగా తెరుచుకుంటే అన్నింటిలోనూ ఒకే అర్థం ఉన్నట్లు తోస్తుంది. అవే ఫలితాలు శోధన గడి కిందనే, అదే ఫారంలో, భౌగోళిక స్థితితో సహా కనబడితే విషయం మారుతుంది. గండికోట పెన్నానది కొండలను చీల్చుకొని పోయిన లోయ అంచున ఉన్నది. గండి క్షేత్రం పాపఘ్ని కొండల నడుమ నుండి వెలువడే చోటు. గండిపోచమ్మ గోదావరి ఒడ్డున, పాపికొండల దారిలో వెలసింది. ఈ మూడింటా ‘కొండల నడుమ నీటి దారి’ అనే అర్థం పొసగుతుంది.

గండిమైసమ్మకు అటువంటి నదీలోయ లేదు. అది చెరువుల సీమ. చెరువుకట్టల మీద కట్టమైసమ్మను నిలుపుకోవడం తెలంగాణలో పరిపాటి. అందువల్ల ఇక్కడ ‘కట్ట తెగిన చోటు’ అనే అర్థాన్ని ముందుగా పరిశీలించవలసి ఉంటుంది. ఇది ఊహ మాత్రమే. స్థానిక కథనాలు, పాత రెవెన్యూ పత్రాలు దీన్ని బలపరచాలి. కానీ ఆ ఊహకు దారి చూపింది నిఘంటువు కాదు, పక్క గడి. గండిపేట విషయంలో మరొక చిక్కు ఉన్నది. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్‌ను జనం ఊరిపేరుతోనే గండిపేట చెరువు అంటారు. ఆ కట్టను చూసి ఊరిపేరుకు అర్థం చెబితే కాలక్రమం తలకిందులవుతుంది. తొలి ప్రస్తావన గడి ఫలితం వెంట కనబడకపోతే ఈ పొరపాటు ఎవరికైనా సహజమే.

నిఘంటు శోధనలో ఆంధ్రభారతి అనుసరించిన పద్ధతి మెచ్చదగినది. ఒకే పదానికి అనేక నిఘంటువుల ఆరోపాలను ఏ నిఘంటువు పేరు కింద దానిని అదే పుటలో చూపుతుంది. బ్రౌన్ చెప్పినదీ శబ్దరత్నాకరం చెప్పినదీ కలగాపులగం కావు. ఇంత స్పష్టంగా ఆధారం కనబడుతున్నా కొన్ని వ్యాసాలలో ‘ఆన్‌లైన్ నిఘంటువు’ అని మాత్రమే పేర్కొనడం విచారకరం. ఇక ఫలితం రాకపోవడాన్ని పదం లేకపోవడంగా భావించరాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రధానంగా గ్రాంథిక ప్రయోగాల మీద ఆధారపడినది. గిడుగు రామమూర్తి ఆక్షేపణ కూడా వ్యవహార పదాలను విడిచిపెట్టినందుకే. గ్రామదేవతల పేర్లను, చెరువు పనుల పదజాలాన్ని వెతికేవారు ఈ సంగతి మరువరాదు. కాబట్టి ‘ఫలితాలు లేవు’ అన్న ఒక్క మాట చాలదు. ఏయే ఆకరాలలో వెతికారో కూడా ఫారం చూపాలి.

పరిపాలన విభాగాల మార్పు కూడా ఫలితాలను దాచగలదు. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూర్ మండలంలో ఉండేది. ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో దుండిగల్ గండిమైసమ్మ మండలం. ఒక్క మండలం గడి మాత్రమే ఉన్న ఫారంలో పాత పేరుతో వెతికితే కొత్త నమోదులు రావు. ‘గండి మైసమ్మ’ అని విడదీసి రాసిన పత్రం, కలిపి రాసిన రూపంతో వెతికినప్పుడు తప్పిపోతుంది.

వీటికి పెద్ద సాంకేతిక శ్రమ అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ప్రధాన ఫారం మీద ఒక శోధన గడి, దాని కింద ఫలితాలు చూపే ఉపఫారం అమర్చుకోవచ్చు. పదం మార్చగానే ఉపఫారం తిరిగి నిండుతుంది. అందులో ఏ గడులు కనబడాలన్నది మాత్రం పరిశోధకుడే నిర్ణయించుకోవాలి. భౌగోళిక స్థితి, తొలి ప్రస్తావన, ఆధారం, పేరు పాఠాంతరాలు, పాత కొత్త మండలాలు అందులో తప్పక ఉండాలి. అర్థం గడిని మాత్రం చివరన ఉంచడం మేలు.