భామాకలాప పునరుద్ధరణము - మాధవి స్థానము

కూచిపూడి కలాపములలో భామాకలాపమునకు గల ప్రశస్తి విద్వల్లోకమునకు విదితమే. సంప్రదాయము దీనిని సిద్ధేంద్రయోగి కృతిగా పేర్కొనుచున్నది. ఇరువదవ శతాబ్ది మధ్యమునుండి దీనిని నవీన ప్రేక్షకులకు చేరువ చేయుటకు పెక్కు ప్రయత్నములు జరిగినవి. అవి నాట్యమును నిలిపినవి గాని హాస్యమును కొంత విస్మరించినవని మా అభిప్రాయము. ఖమ్మము, భద్రాచలముల నడుమ మన్యపు సరిహద్దున కూర్చుండు ప్రేక్షకుని దృష్టియందుంచుకొని ఈ విషయమును పరిశీలింపదలచితిమి.

ఈ ప్రాంతమునే గ్రహించుటకు కారణములు రెండు. నేలకొండపల్లివాడగు కంచెర్ల గోపన్న భద్రాద్రి రామునకు ఆలయము కట్టించి, గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కథ ఇచటివారికి కంఠస్థము. ఆ కథలోని తానీషాయే (1672-1687) కూచిపూడి గ్రామమును భాగవతులకు దానమొసగెనని ఐతిహ్యము. కారాగారకథకును అగ్రహారకథకును ప్రభువొక్కడే యగుట గమనింపదగినది. ఇక రెండవ కారణము భాష. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి పిదప ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో చుట్టుపట్ల గ్రామములు పెక్కు ఆంధ్రప్రదేశమున కలిసినవి. 2016లో పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందినది. ఎల్లలు మారినను జనులు మారలేదు. గోదావరి తెలుగును, తెలంగాణపు తెలుగును, కోయభాషయు ఇచట ఒక్క సంతలోనే వినవచ్చును.

కలాపమునందలి కథ మిక్కిలి స్వల్పము. అద్దమున ఇరువురి రూపములను జూచి, తమలో ఎవరు చక్కనివారని సత్యభామ అడుగగా, కృష్ణుడు అలిగి వెడలిపోవును. ఆమె విరహమును, మాధవి రాయబారమును, లేఖయు తక్కిన భాగము. తెరమీదుగా జడ వేసి సవాలు చేసిన సత్యభామ, తన మగని పేరు చెప్పుమని మాధవి అడిగినంతనే సిగ్గుచే తడబడును. గురుతులు చెప్పును గాని పేరు పలుకదు. మాధవి తెలియనట్లు నటించి మరల మరల ప్రశ్నించును. రాయబారమునకు బహుమానముగా ఇచ్చిన నగలతో తృప్తినొందక తుదకు ముక్కెరనే కోరును. దీనిని కేవలము నవ్వించుటకై చేర్చిన పరాచికముగా ఎంచుట పొరపాటు. ఒక్కొక్క నగతో ఒక్కొక్క పొరగా సత్యభామ గర్వము తొలగుచున్నది. ముక్కెర విడచునప్పటికి ఆమెయందు మిగులునది ప్రేమ యొక్కటియే. కావున ఈ కృతిలో హాస్యము శృంగారమునకు తొడవు గాదు. శృంగారమును పరిపాకమునకు దెచ్చు సాధనము.

ఈ హాస్యమునకు ఆధారము సూత్రధారుడు. అతడే సత్యభామకు మాధవి, కృష్ణునకు మాధవుడు. ప్రేక్షకుడు ఆ మార్పును కన్నులార చూచుచునే నమ్మును. చింతా కృష్ణమూర్తి (1912-1969) సూత్రధారిగను, వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామగను పొందిన కీర్తి సుప్రసిద్ధము. ప్రశ్నించువాని నేర్పు లేనిచో ప్రత్యుత్తరమిచ్చు భామ సొగసు వెలయదు.

వెంపటి చినసత్యము 1963లో మదరాసున స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఆంగికమునకు తెచ్చిన నిగ్గు కాదనరానిది. రాత్రి తెల్లవార్లు సాగెడి ఆటను ఒకటి రెండు గంటలకు కుదించుటయు అనివార్యమే. అయితే కత్తెర ఎచట పడినదన్నది ప్రశ్న. దరువులు నిలిచినవి, సంవాదములు తరిగినవి. నేడు ప్రవేశదరువు ఒక్కటియే ఏకపాత్రనృత్యముగా తరచు ప్రదర్శితమగుచున్నది. అందు గర్వము కలదు, గర్వభంగము లేదు. సవాలు వినవచ్చును గాని దానిని స్వీకరించువాడు రంగమున లేడు.

పునరుద్ధరణ మనగా మాధవికి మాట తిరిగి యొసగుటయే యని మా మతము. దరువుల పదములను, రాగతాళములను మార్చరాదు. సంవాదభాగము మాత్రము పూర్వమునుండియు సూత్రధారుని ఆశుప్రతిభకు చోటిచ్చినదే. భద్రాచలమున ఆడునపుడు మాధవి సంతబేరము తెలిసిన ఆ యూరి ఆడుదానివలె ముక్కెరకు బేరమాడవచ్చును. అవసరమైనచో కోయమాట యొకటి పలుకవచ్చును.

ఇది గ్రామ్యతకు దారి తీయునని ఆక్షేపింపవచ్చును. మా భయము వేరొకటి. మన్యవాసిని వింత వేషముతో రంగమెక్కించి, అతని పలుకుబడిని వెక్కిరించి నవ్వు పుట్టించు సులభమార్గ మొకటి కలదు. అది కలాపధర్మమునకు విరుద్ధము. ఈ కృతిలో నవ్వు పాలయినది రాణి, నవ్వించినది చెలికత్తె. అధికుల గర్వముపై పడవలసిన నవ్వు వినువాని నాలుకపై పడెనేని, హాస్యము బ్రదికినను భామాకలాపము బ్రదుకదు. కోయమాటను పలుకు మాధవి ఆ మాటతో సత్యభామను గెలువవలెను గాని, ఆ మాటచే తాను నగుబాటు కారాదు.

సత్యభామ మగని పేరు చెప్పలేక తడబడినపుడు వెనుక వరుసలోని కోయ వృద్ధురాలు తన యింటి సిగ్గును తలచుకొని నవ్విన నాడు ఈ పునరుద్ధరణము సఫలమైనదని యెంచవచ్చును. అంతవరకు మనము భద్రపరచినది కలాపములోని భామను మాత్రమే, కలాపమును గాదు.