సభలో మాట, ఊర్లో వెట్టి

ఉద్యోగ సంఘాలతో ప్రభుత్వం కుదుర్చుకునే ఒప్పందాలపై శాసనసభకు పర్యవేక్షణ ఉండాలా? ఈ ప్రశ్నను మన మేధావులు ఖజానా వైపు నుంచే అడుగుతున్నారు. జీతాల భారం ఎంత, దాన్ని ఎవరు ఆపాలె అన్నదే వాళ్ల చింత. మేం దీన్ని కోనరావుపేట వంటి మండలంలో చావిడి గడప బయట నిలబడ్డ మస్కూరి వైపు నుంచి అడుగుతున్నాం.

మస్కూరి, నీరడి, కావలికారు, వెట్టి: పేరేదైనా ఊరి చాకిరి ఎక్కువగా మాల, మాదిగల నెత్తినే పడ్డది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల కూలీలు గడీ వెట్టిని ధిక్కరించారు. జవాబుగా సర్కారు ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడీ వెట్టి కూలింది గాని సర్కారు వెట్టి పేరు మార్చుకున్నది. గ్రామ సేవకుడు గ్రామ రెవెన్యూ సహాయకుడయ్యాడు. చేతికొచ్చేది మాత్రం జీతం కాదు, 'గౌరవ వేతనం'. అందులో గౌరవమెంతో వాడకట్టందరికీ ఎరుకే.

2020 సెప్టెంబరులో శాసనసభ వీఆర్వో పోస్టులను చట్టం చేసి రద్దు చేసింది. ఆ సందర్భంలోనే ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు వీఆర్ఏలకు పే స్కేలు ఇస్తామని సభలో చెప్పారు. రద్దు చట్టమైంది, హామీ ఉత్త మాటగా మిగిలింది. ఆ మాట కోసం 2022 జూలై 25 నుంచి 80 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. సభలో ఇచ్చిన మాటను వెంబడించటానికి శాసనసభలకు హామీల కమిటీలుంటయి. మరి ఈ మాటను సభ ఎంత వెంబడించినట్టు?

2023లో 20,555 మందిని వేరే శాఖల్లో సర్దినప్పుడూ జీవోలే వచ్చినయి. అదే ఏడాది ఆర్టీసీ ఉద్యోగుల విలీనానికి సభ బిల్లు ఆమోదించింది. 2019లో 52 రోజులు సమ్మె చేసిన ఆర్టీసీ కార్మికుల మీద మాకు అసూయ లేదు. అది కార్పొరేషన్ కాబట్టి చట్టం కావలసి వచ్చిందనొచ్చు. కాని రాజ్యాంగం 309వ అధికరణం సర్వీసు నిబంధనలపై చట్టం చేసే అధికారం సభకే ఇచ్చింది. సభ చేయనంత కాలమే గవర్నరు పేరిట ప్రభుత్వ నియమాలు నడుస్తయి. సభ తన పని తాను వదులుకుంటే, జీవోతో వచ్చింది జీవోతోనే పోవచ్చు.

సభ చేతిలో పెడితే అంతా మేలే అనటం లేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2011లో చట్టసభే ఉద్యోగ సంఘాల బేరమాడే హక్కును విరిచింది. అందులోనూ పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని మినహాయించింది. దెబ్బ ఎవరి మీద పడాలో చట్టసభ ఎంచుకోగలదు. అయినా 1928లో అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్‌పై బిల్లు పెట్టారు. ఊరి చాకిరికి హద్దు, ప్రతిఫలం ఊరి పెద్దల దయలో గాక చట్టంలో ఉండాలన్నది దాని సారం. మేం నిలబడేది అక్కడ.

సంఘాలనూ ఒక మాట అడగాలె. ముగింపు చర్చల్లో ఏం ఒప్పుకున్నరో సభ్యులకు కాగితం మీద చూపించకపోతే, మంత్రి మాట తప్పినప్పుడు కార్మికుడు దేన్ని పట్టుకుని నిలదీయాలె?

కాబట్టి మేం కోరే పర్యవేక్షణ ఇది: ప్రతి ఒప్పందం తెలుగులో, గడువు తేదీతో సభ ముందుకు రావాలె. గౌరవ వేతనం వాళ్లూ అందులో ఉండాలె. జీతం కోసే అధికారం గాక మాట నిలబెట్టించే బాధ్యత సభదై ఉండాలె. 2025లో పాత వీఆర్వో, వీఆర్ఏల్లోంచి ఎంపిక చేసి పల్లెలకు గ్రామ పాలనాధికారులను పంపారు. కుర్చీ తిరిగొచ్చింది. దాని పక్కన నిలబడి చాకిరి చేసేది రేపు ఎవరు, ఏ పేరుతో అన్నది చట్టంలో రాయకపోతే వెట్టి కొత్త పేరు వెతుక్కుంటది.