అచ్చు, చిటికి, దృష్టిభ్రమ: పుట్టపాక తేలియా రుమాల్ రేఖాగణితం

నూలుకు ముందే చిటికి కట్టి, రంగులో ముంచి, ఆపైన నేసిన వస్త్రాన్ని 'పోచంపల్లి ప్రింటు' అనడం దుకాణాలలో వినిపించే మాట. వ్యాపారానికి అది సౌకర్యం కావచ్చు. విమర్శ కూడా దానినే స్వీకరిస్తే ఆ వస్త్రంలోని రేఖాగణితం ఎక్కడ పుడుతున్నదో, కంటికి కలిగే చలనభ్రమకు మూలమేమిటో మరుగున పడతాయి. పుట్టపాక తేలియా రుమాల్ ఆధారంగా ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అచ్చుచిత్రకళలో దృష్టిభ్రమకు ప్రసిద్ధమైన ఉదాహరణ బ్రిటిష్ చిత్రకారిణి బ్రిజిట్ రైలీ 1965లో ప్లెక్సిగ్లాస్‌పై వెలువరించిన 'ఫ్రాగ్మెంట్స్' స్క్రీన్‌ప్రింట్లు. అదే ఏడాది న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో జరిగిన 'ది రెస్పాన్సివ్ ఐ' ప్రదర్శన ఈ ధోరణికి విశేష ప్రచారం తెచ్చింది. ఇటువంటి ముద్రణలలో నలుపు తెలుపుల సరిహద్దు పదునుగా ఉంటుంది. ఆ పదునే కన్నును తడబరుస్తుంది. ఆకారం నిశ్చలం, కదలిక చూపులోనిది.

తేలియా రుమాల్ మార్గం దీనికి విపరీతం. చీరాలలో వర్ధిల్లిన ఈ విద్య పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాకలో నిలదొక్కుకున్నది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో నానబెడతారు. పేకను ఆసు పోసి, పడుగుకూ పేకకూ విడివిడిగా చిటికి కడతారు. కట్టు కింద రంగు చేరదు. కట్టు అంచున మాత్రం కొంత పాకుతుంది. నేతలో పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. కనుకనే గడి అంచు గీతలా కాక ఈకలా కనిపిస్తుంది. పాత రుమాళ్లలోని సింహం, ఏనుగు, గడియారం, విమానం బొమ్మలు సైతం ఈ గడులలో ఒదిగి మెట్లమెట్లుగా మారాయి. లంబంగా కలిసే రెండు పోగులు ఆ ఆకారాలకు విధించిన ఛందస్సు అది.

ఎరుపు, నలుపు, తెలుపు: రంగులు మూడే. పడుగు రంగు, పేక రంగు జతకూడితే ఆరు ఛాయలు సాధ్యం. మూడు శుద్ధం, మూడు మిశ్రమం. ఎర్ర పడుగు తెల్ల పేకను కలిసిన చోట దూరానికి లేత ఎరుపు తోస్తుంది. దగ్గరకు వెళితే ఆ రంగు లేదు. ఉన్నవి ఎర్రపోగు, తెల్లపోగు. పాలమూరు ప్రాంతపు నారాయణపేట చీర గళ్లలోనూ ఇటువంటి మిశ్రమచ్ఛాయ ఉంటుంది. కాని అక్కడ ఒక్కొక్క పోగుది ఆద్యంతం ఒకే రంగు; అందుచేత గడి అంచు సూటిగా నిలుస్తుంది. పుట్టపాకలో ఒకే పోగు తన పొడవునా రంగు మార్చుకుంటుంది.

అనుకరణ వస్త్రంలో ఈ ఈకల అంచును సైతం గీసి యంత్రంపై ముద్రిస్తారు. రంగు ప్రధానంగా పైముఖాన నిలుస్తుంది కనుక వెనుకవైపు వెలిసినట్లుంటుంది. చిటికి బట్టకు రెండు ముఖాలూ ఒకటే. అలంకారశాస్త్ర పరిభాషలో ఈ ముద్రణ భ్రాంతిమంతం; సాదృశ్యం చేత ఒకదానిని మరొకటిగా తోపింపజేస్తుంది. కావ్యంలో ఆ భ్రాంతి సహృదయునికి ఆనందం. అంగడిలో అది నేతకారుని కూలికి గండి.

'అచ్చు' అనే మాట తెలుగులో ముద్రణకూ, మగ్గంలో పడుగు పోగులను వరుసన నిలిపి పేకను దట్టించే సాధనానికీ వర్తిస్తుంది. మగ్గంమీది అచ్చు బొమ్మ వేయదు. పోగులలో అప్పటికే ఉన్న బొమ్మను దగ్గరకు చేరుస్తుంది. వస్త్రకళా విమర్శకు పరిభాష కావలసినప్పుడు ముందుగా ఆశ్రయించవలసినవి ఆసు, చిటికి, పడుగు, పేక, అచ్చు వంటి నేతమాటలే. వాటితో వర్ణించినప్పుడు భ్రమ ఏ పోగు దగ్గర మొదలవుతున్నదో, దాని వెనుక ఎవరి శ్రమ ఉన్నదో ఒకే వాక్యంలో చెప్పగలుగుతాం.