ఎవరి మీద గెలిచాడు?

“అదంతా సరే, ఎవర్ని కొట్టాడ్రా మీవాడు?”

బాక్సింగ్ గురించి మా మిత్రుడితో ఏ వాదన మొదలైనా చివరికి వచ్చి ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. వాడు రాకీ మార్సియానో పక్షం, నేను లారీ హోమ్స్ పక్షం. వాడి మనిషి 1952 నుంచి 1956 దాకా హెవీవెయిట్ ఛాంపియన్. 49 పోటీలాడి, 49 గెలిచి, ఓటమి రుచి చూడకుండానే రిటైరయ్యాడు. నా మనిషి 1978 నుంచి 1985 దాకా ఛాంపియన్. వరసగా 48 గెలిచి 49వ దాంట్లో ఓడిపోయాడు. అంకెల దగ్గర వాడిదే పైచేయి కనుక నేను ప్రత్యర్థుల మీద పడతాను. వాడూ ఊరుకోడు.

నా వాదన ఇలా ఉండేది. మార్సియానో కొట్టినవాళ్ళు ముసలివాళ్ళు. జో లూయిస్‌కి అప్పటికి 37 ఏళ్ళు. జెర్సీ జో వాల్కాట్‌కి 38. ఆర్చీ మూర్ పుట్టిన సంవత్సరం మీదే తగాదా ఉంది కాబట్టి అతనికి ఒక లెక్కన 38, ఇంకో లెక్కన 41. చచ్చిన పాముల్ని కొట్టడం కూడా ఒక ఘనతేనా?

దానికి వాడి జవాబు: “మీవాడి కాలంలో అసలు పాములేవిరా? అన్నీ వానపాములే.” మహమ్మద్ అలీ తరం వెళ్ళిపోయాక మిగిలిన ఖాళీలో హోమ్స్ రాజ్యమేలాడని వాడి ఉద్దేశం. పట్టుమని పది పోటీలాడిన మార్విస్ ఫ్రేజియర్‌ని ఒక్క రౌండులో పడగొడితే అదో గెలుపా? అదే కాలంలో బెల్టులు పట్టుకున్న పింక్లన్ థామస్, గ్రెగ్ పేజ్‌లతో ఎందుకు తలపడలేదు? ఈ చివరి ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ సరైన జవాబు లేదు.

ఈమధ్య ఈ పోటీల్లో కొన్నిటిని మళ్ళీ చూశాను, ఈసారి ఓడిపోయినవాళ్ళ మీద కన్ను వేసి. మా ఇద్దరి వాదనలోనూ ఉన్నది ఒకే తప్పు అని అప్పుడు తోచింది.

1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. మొదటి రౌండులోనే వాల్కాట్ మార్సియానోని కింద పడేశాడు. మార్సియానో పడడం అతని జీవితంలో అదే మొదటిసారి. 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వాల్కాటే ముందున్నాడు. 13వ రౌండులో ఒక్క కుడిచేతి గుద్దు, అంతే. ఆ గుద్దు రెండంగుళాలు పక్కకి పోయి ఉంటే వాల్కాట్‌ని ముసలివాడని నేను అనేవాణ్ణా? అనుభవం ముందు కుర్రతనం నిలవలేదని రాసుకునేవాళ్ళం. “ముసలివాడు” అనే చీటీ మనం అతనికి అంటించింది అతను పడిపోయాకే.

సరిగ్గా అదే 38 ఏళ్ళ వయసులో అలీ 1980 అక్టోబర్ 2న లాస్‌వేగాస్‌లో హోమ్స్ ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడంతే. పదో రౌండు తర్వాత అతని శిక్షకుడు ఏంజెలో డండీ ఇక చాలని ఆపించాడు. ఆ రాత్రి అలీ, ఆ రాత్రి వాల్కాట్, ఇద్దరూ మన చిట్టాలో ఒకే గడిలో ఉంటారు: వయసు 38. వయసు అంకె మనిషి ఎప్పుడు పుట్టాడో చెబుతుంది గానీ ఆ రాత్రి అతని కాళ్ళలో ఏం మిగిలిందో చెప్పదు. ఇంకో సంగతి. 1954లో మార్సియానోతో రెండుసార్లు తలపడి, అందులో ఒకసారి 15 రౌండ్లూ నిలిచిన ఎజార్డ్ చార్ల్స్‌కి అప్పటికి నిండా 34 లేవు. నా “ముసలివాళ్ళ” జాబితాలోంచి అతన్ని నేను జారవిడిచేవాణ్ణి, కావాలనే.

మావాడి వానపాముల సంగతీ అంతే. 1978లో కెన్ నార్టన్ మీద హోమ్స్ గెలిచింది 15వ రౌండు ముగిశాక, ఒక్క పాయింటు తేడాతో. 1979లో ఎర్నీ షేవర్స్ ఏడో రౌండులో కొట్టిన కుడిచేతి దెబ్బకి హోమ్స్ వెల్లకిలా పడ్డాడు. అతను లేవడం ఇప్పుడు చూసినా నాకు నమ్మశక్యంగా ఉండదు. లేచి, 11వ రౌండులో గెలిచాడు. చిట్టాలో మాత్రం షేవర్స్ పేరు పక్కన “ఓటమి” అని ఒక్క మాట.

అన్నిటికంటే విచిత్రమైంది మైకేల్ స్పింక్స్ కథ. 1985 సెప్టెంబర్ 21న, అంటే మార్సియానో మూర్‌ని ఓడించిన రోజుకి సరిగ్గా 30 ఏళ్ళకి, స్పింక్స్ హోమ్స్‌ని ఓడించాడు. మూర్‌లాగే అతనూ లైట్ హెవీవెయిట్ నుంచి పైకి వచ్చినవాడు. తర్వాత 1988లో మైక్ టైసన్ ఆ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టాడు. ఆ దెబ్బతో స్పింక్స్ విలువ పడిపోయింది, అతనితోబాటు అతని చేతిలో ఓడిన హోమ్స్ విలువా పడిపోయింది. కానీ స్పింక్స్ తన వృత్తిజీవితం మొత్తంలో ఓడింది ఆ ఒక్కసారే. 1988 నాటి గుద్దు 1985 నాటి మనిషిని ఎలా చిన్నబరుస్తుంది? అదే లెక్కన, మార్సియానో చేతిలో ఓడిన మూడేళ్ళకి మూర్ మాంట్రియల్‌లో ఇవాన్ డ్యురెల్‌తో ఆడుతూ మొదటి రౌండులోనే మూడుసార్లు పడి, లేచి, 11వ రౌండులో గెలిచాడు. దాన్ని మార్సియానో ఖాతాలో నేనెప్పుడూ జమ వెయ్యలేదు.

ఈ చిక్కు మన ఆలంకారికులకి కొత్త కాదు. నాయకుణ్ణి గొప్పగా చూపించడానికి దండి ‘కావ్యాదర్శం’లో రెండు దారులు చెప్పాడు. ముందు నాయకుడి గుణాలు వర్ణించి, వాటితో శత్రువుని తొలగించడం ఒకటి. శత్రువు వంశం, పరాక్రమం, చదువు వర్ణించి, అంతటివాణ్ణి గెలిచాడు కనుక నాయకుడు ఎంతటివాడో తెలియజెయ్యడం రెండోది. అభిమానులు మూడో దారి కనిపెట్టారు: అవతలి నాయకుడి శత్రువుల్ని తక్కువ చెయ్యడం. దానితో మనవాడు ఎత్తు పెరగడు. అందరూ కలిసి పొట్టివాళ్ళవుతారు.

దండి రెండో దారిని బాక్సింగ్ రచనలో చూడాలంటే ఎ. జె. లీబ్లింగ్ ‘ది స్వీట్ సైన్స్’ (1956) చదవాలి. మార్సియానో, మూర్‌ల పోటీ మీద రాసిన వ్యాసంలో మూర్‌ని ‘మోబీడిక్’లో తిమింగలాన్ని వేటాడే అహాబ్‌తో పోల్చాడు. రెండో రౌండులో మార్సియానోని పడగొట్టి, తొమ్మిదో రౌండులో తానే పడిపోయిన మూరే ఆ వ్యాసానికి కేంద్రం. ఓడినవాడు అంత ఎత్తున ఉండబట్టే గెలిచినవాడు ప్రకృతిశక్తిలా కనిపిస్తాడు.

అలాగని ప్రత్యర్థుల సంగతి అడగకూడదా? అడగాలి. బడ్ షుల్‌బర్గ్ నవల ‘ది హార్డర్ దే ఫాల్’ (1947) ఆ ప్రశ్న అడగనందుకు ఏం జరుగుతుందో చెబుతుంది. ఆట రాని ఒక భారీ మనిషిని, డబ్బుకి ఓడిపోయేవాళ్ళ మీద గెలిపిస్తూ పైకి తెస్తారు. చివర్లో నిజమైన బాక్సర్ ముందు నిలబెడితే ఆ దెబ్బలన్నీ తినేది అతనే. ఆ కథ చెప్పేవాడు ఆ గెలుపులకి ప్రచారం రాసిపెట్టిన మనిషి. “ఎవర్ని కొట్టాడు?” అన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబుని ఆ పోటీలో కాక, పుట్టినతేదీల్లోనూ తర్వాతి ఓటముల్లోనూ వెతుక్కోవడమే తప్పు.

మా వాదనల్లో ఎప్పుడూ రాని విషయం ఇంకొకటుంది. 1951 అక్టోబర్ 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్సియానో జో లూయిస్‌ని ఎనిమిదో రౌండులో రింగు తాళ్ళ అవతలికి పడేలా కొట్టాడు. పన్ను బాకీలు తరుముతుంటే మళ్ళీ రింగులోకి వచ్చిన లూయిస్‌కి అదే ఆఖరి పోటీ. తర్వాత అతని గదికి వెళ్ళి మార్సియానో ఏడ్చాడు. ఒకప్పుడు అలీకి సాధనలో తోడుగా ఉన్న హోమ్స్ అలీని కొడుతూనే, ఆపమన్నట్టు రిఫరీ వైపు చూశాడు. పోటీ అయ్యాక అతనూ ఏడ్చాడు. మావాడు “లూయిస్‌ని కొట్టాడు” అంటాడు, నేను “అలీని కొట్టాడు” అంటాను. కొట్టినవాళ్ళు మాత్రం ఆ గెలుపుల్ని అలా లెక్కపెట్టుకోలేకపోయారు.

అందుకే మావాడికి ఒక ప్రతిపాదన చేశాను. ఆ రెండు గెలుపుల్నీ రెండు చిట్టాల్లోంచీ కొట్టేద్దాం. మిగిలినవాటిలో ఒక్కో రాత్రి ఎంచుకుందాం. వాడికి వాల్కాట్, నాకు షేవర్స్. అలా చూస్తే, ఏడేళ్ళ ఏలుబడి మొత్తంలో నా పక్షం ఇప్పటికీ హోమ్సే. కానీ ఒక్క రాత్రి గెలుపు అంటే మార్సియానోదే పెద్దది, ఎందుకంటే వాల్కాట్ ఆ రాత్రి దాదాపు గెలిచేశాడు. ఈ మాట ఒప్పుకోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మావాడు విని, కాసేపాగి అన్నాడు: “వాల్కాట్ ముసలివాడు కాడని ఒప్పుకున్నట్టేనా అయితే?”

ముసలివాడే. అయినా దాదాపు గెలిచాడు.