చిత్రానువాదము: లక్ష్యము, లక్షణము

చలనచిత్రమునకు కథను సంతరించు విద్య పుస్తకముల వలన అలవడునా? మద్రాసు స్టూడియోలలో సహాయకులుగా చేరి, పెద్దల చెంత ఈ పని నేర్చుకొనిన కాలము గతించినది. నేడు చిత్రానువాదము, అనగా స్క్రీన్‌ప్లే, వ్రాయగోరు యువతీయువకులలో పలువురకు ఆంగ్లమున వెలువడిన బోధనగ్రంథములే గురువులు. కావున ఆ గురువుల శక్తియెంతయో విచారించుట అవసరము.

వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది సిడ్ ఫీల్డ్ 1979లో ప్రకటించిన ‘స్క్రీన్‌ప్లే’. ఒక సంస్థలో వ్రాతప్రతుల పరిశీలకుడుగా నున్నప్పుడు తాను 2,000కు పైగా ప్రతులు చదివి, 40 మాత్రమే తగినవిగా నెంచితినని ఆయన చెప్పుకొనెను. ఆయన సూత్రమిది: వ్రాతలో ఒక పుట, తెరపై ఒక నిమిషము. 120 పుటలలో ప్రారంభమునకు 30, సంఘర్షణకు 60, పరిష్కారమునకు 30. 25వ పుట దాటిన వెంటనే ఒక మలుపు, 85-90 పుటల నడుమ మరియొక మలుపు. 2005లో వచ్చిన బ్లేక్ స్నైడర్ ‘సేవ్ ది క్యాట్’ ఈ కొలతను ఇంకను బిగించి, 110 పుటలను 15 ఘట్టములుగా విభజించెను. 5వ పుటలో ఇతివృత్త సారము వినబడవలయును. 12వ పుటలో కథను కదలించు సంఘటన జరుగవలయును.

ఈ గ్రంథములు నిరుపయోగములనుట న్యాయము కాదు. నాయకుడేమి కోరుచున్నాడో తేల్చుకొనకయే నూరు పుటలు నింపినవానికి ఇవి కనువిప్పు కలిగించును. దోషమెచట నున్నదో చూపును. అయితే గుణమును పుట్టింపజాలవు. ఇందుకు ఫీల్డ్ ఆదర్శముగా గ్రహించిన ‘చైనాటౌన్’ చిత్రమే సాక్ష్యము. 1974 నాటి ఆ చిత్రమునకు రాబర్ట్ టౌన్ సంకల్పించిన ముగింపు వేరు. దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ పట్టుపట్టి దానిని విషాదాంతము గావించెను. చివరి 30 పుటలలో రెండు ముగింపులును ఇముడును. వానిలో ఏది సత్యమో, ఏది ప్రేక్షకుని వెంట ఇంటికి వచ్చునో కొలబద్ద చెప్పజాలదు.

ఇట్టి శాస్త్రము మనకు క్రొత్త కాదు. నాటకమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శ, నిర్వహణము అను పంచసంధులను భరతుడు చెప్పెను. కాని అన్ని రూపకములకును ఐదు సంధులు విధింపలేదు. వ్యాయోగమునకు మూడు, ప్రహసనమునకు రెండు చాలుననెను. వస్తువును బట్టి కొలత గాని, కొలతను బట్టి వస్తువు కాదు. తెలుగుననే చూడుడు: నన్నయ భారతరచన 11వ శతాబ్దిది, కేతన ‘ఆంధ్రభాషాభూషణము’ 13వ శతాబ్దిది. లక్ష్యము ముందు, లక్షణము వెనుక.

మన చిత్రములలో లక్ష్యమునకు ‘మాయాబజార్’ చాలును. 1957లో విడుదలైన ఈ చిత్రమునకు చిత్రానువాదము, దర్శకత్వము కె.వి. రెడ్డివి, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. పాండవులు రాజ్యము కోల్పోవుటయే కథను మలుపు త్రిప్పును; ఆ పాండవులు తెరపై కనుపింపనే కనుపింపరు. ప్రియదర్శినిని తెరచిన శశిరేఖకు అభిమన్యుడును, బలరామునకు దుర్యోధనుడును కనబడుదురు. ఎవరి హృదయమెచట నున్నదో, రానున్న కలహమునకు బీజమేదో, ఒక్క పేటిక చెప్పివేసినది. ఇది పుటలు లెక్కించిన బుద్ధి కాదు. మనుష్యుల నెరిగిన బుద్ధి. రెండు గంటల ఆంగ్లచిత్రమునకు అమర్చిన కొలతలో, మూడు గంటలు నడచు ఈ చిత్రపు పాటలకును, నడిమి విరామమునకును చోటెచటిది?

సంభాషణల విషయమున బోధనగ్రంథము మరింత మూగది. ‘అస్మదీయులు’ అను సంస్కృత పదమును రాక్షసుల నోట ‘అసమదీయులు’ గావించి పింగళి నవ్వించెను. నాటకరంగమున మాట విలువ నెరిగినవాని చేతివాటమది. ఆంగ్లములో ఆలోచించి తెలుగులోనికి దింపిన సంభాషణకు ఆ ప్రాణము రాదు.

హోసూరులోను, బళ్ళారిలోను, బరంపురములోను తెలుగు పలుకుచు పెరిగిన పిల్లలకు ఈ హెచ్చరిక మరింత అవసరము. వారి యింట అవ్వ మాటాడు తెలుగు ఏ బోధనగ్రంథములోను లేదు, అచ్చుపుస్తకములలోను అరుదు. పుటలెంత సరిపోయినను, ఆ పలుకును విడిచి వ్రాసినచో పాత్రలు ఎరువు గొంతుతోనే మాటాడును. మొదట ఒక మంచి చిత్రమును పలుమారులు చూచి, దృశ్యము వెంట దృశ్యము స్వహస్తమున వ్రాసికొనవలయును. ఇంటి మాటను చెవియొగ్గి వినవలయును. తానొక కథ వ్రాసి, అది యెచట కుంటుపడినదో తెలియనప్పుడు పుస్తకము తెరువవలయును. అప్పుడది మంచి గురువే యగును.