గేరు రాడ్డు ఊగుతోందా?

అనకాపల్లి చుట్టుపక్కల చెరకు గానుగ ఉన్న రైతుకు బుష్షు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. గానుగాట మొదలుపెట్టే ముందే రోలర్లు పట్టుకుని ఊపి చూస్తాడు. కాస్త ఆడుతున్నాయనిపిస్తే గన్‌మెటల్ బుష్షులు విప్పించి లేత్ షాపుకి పట్టుకొస్తాడు. సీజన్ మధ్యలో గానుగ ఆగిందంటే కొట్టిన చెరకు ఎండిపోతుంది, రసంలో చక్కెర విరుగుతుంది, బెల్లం గట్టిపడదు. ఆ నష్టం ఎంతో అతనికి తెలుసు. కానీ అదే ఇంటి ముందున్న పాత మారుతీలోనో, బెల్లం దిమ్మలు మార్కెట్‌కు చేర్చే ట్రాలీ బండిలోనో గేరు రాడ్డు పులుసులో గరిటెలా తిరుగుతున్నా ఏళ్లకేళ్లు అలాగే నడిపేస్తాం. "అలవాటైపోయిందండీ, నాకు పడతాయి" అంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు ఊరుకోదు. ఎందుకంటే బండి మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత తృప్తిగా బాగుపడే జబ్బు ఇంకోటి లేదు.

ఇనుము మీద ఇనుము రాసుకుంటే రెండూ అరుగుతాయి. మధ్యలో మెత్తటి గొట్టం ముక్క ఒకటి పెడితే అరుగుడంతా అదే భరిస్తుంది. బుష్షు చేసే పని ఇంతే. అరగడానికే పుట్టిన సామాను అది. గానుగలో టన్నుల కొద్దీ ఒత్తిడి ఉంటుంది కనుక అక్కడ గన్‌మెటల్ కావాలి. నూటికి 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 జింకు కలిపిన లోహం, ఒకనాడు ఫిరంగులు పోతపోసింది దాంతోనే. గేరు రాడ్డు దగ్గర మోసేది మనిషి చేతి బలమే కనుక నైలాన్, రబ్బరు లాంటివి సరిపోతాయి. నైలాన్‌ను 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసింది. మొదట టూత్‌బ్రష్షుల కుచ్చులకీ ఆడవాళ్ల మేజోళ్లకీ వాడిన పదార్థం ఇప్పుడు మన కాళ్ల కింద బండి అడుగున కూర్చుని గేర్లు వేయిస్తోంది.

మారుతీ 800నే తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది, మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. దాని గేరు బాక్సు ముందు బానెట్ కింద ఉంటుంది, రాడ్డేమో రెండు సీట్ల మధ్య. ఈ రెంటినీ కలుపుతూ బండి కింద ఒక కడ్డీ వెళ్తుంది. మన చేతిలో ఉన్న రాడ్డుకు కింద గుండు ఉంటుంది, ఆ గుండు ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. కడ్డీని కలిపే కీళ్లలో బుష్షులు ఉంటాయి. పక్కనే ఇంకో కడ్డీ గేరు బాక్సు ఒంటిని రాడ్డు మొదలుతో కట్టి ఉంచుతుంది, ఇంజన్ అదిరినా రెండూ కలిసి కదలాలని. దాని చివర రబ్బరు బుష్షు. ఇవన్నీ తలా కొంచెం అరుగుతాయి. ఒక్కోదాని అరుగుడు కంటికి ఆనదు, కానీ అన్నీ కలిసి చేతికొస్తాయి. రాడ్డు గుండుకు పైన ఉన్న పొడవు, కింద ఉన్న పొడవుకు ఆరింతలు ఉందనుకోండి. కింద ఒక మిల్లీమీటరు లూజు పై నాబ్ దగ్గర ఆరు మిల్లీమీటర్లు అవుతుంది. మూడు నాలుగు కీళ్లలో ఒక్కో మిల్లీమీటరు పోతే న్యూట్రల్‌లో రాడ్డు దాదాపు అంగుళం మేర అటూ ఇటూ ఆడుతుంది. ఏది రెండో గేరో ఏది నాలుగో చెయ్యికి తెలియదు.

ఇక్కడే అసలు నష్టం మొదలవుతుంది. మనం రాడ్డును చివరిదాకా తోసేశామనుకుంటాం, కానీ ఆ తోపులో కొంత బుష్షుల ఖాళీలోనే ఆగిపోతుంది. బాక్సు లోపల గేరు పళ్లు పూర్తిగా కాకుండా సగమే పట్టుకుంటాయి. సగం పట్టిన పళ్ల మొనలు అరుగుతాయి. మొనలు గుండ్రంగా అయిపోయాక గేరు తనంతట తానే జారి న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. అప్పుడిక బాక్సు దింపాల్సిందే. వందల్లో తేలే పని వేలల్లోకి పోతుంది.

అంబాసిడర్ నడిపిన పెద్దవాళ్లకు ఈ కథ బాగా తెలుసు. పాత అంబాసిడర్లకు స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉండేది, హ్యాండ్ గేరు అనేవాళ్లం. అక్కణ్ణుంచి బాక్సు దాకా కడ్డీలు, కీళ్లు, కీలుకో బుష్షు. అవి అరిగిన బండి నడిరోడ్డు మీద రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోయేది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, లోపలి కడ్డీని చేత్తో ఓ గుంజు గుంజి మళ్లీ వచ్చి కూర్చునేవాడు. వెనక సీట్లో పెళ్లివారు, పట్టు చీరలు, ముహూర్తం దగ్గరపడుతుంటుంది. ఆ చేతి గుంజుడులో డ్రైవరు నేర్పు కనిపించేది నిజమే. కానీ నేర్పు అరిగిన బుష్షుకు మందు కాదు.

ఊళ్లో తిరిగే బండికైతే ఇది విసుగుతో పోతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే బండికి అలా కాదు. మన దగ్గర్నుంచి చోడవరం, వడ్డాది, మాడుగుల దాటి పాడేరు వెళ్లే దారి తెలుసు కదా. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి ఒక జిల్లా అయిన రోజే పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. ఆఫీసు పనులకు, ఆస్పత్రికి, సంతకు జనం ఆ ఘాట్‌లో ఎక్కుతూ దిగుతూనే ఉంటారు. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది సగం బ్రేకు, సగం రెండో గేరు. మూడో దాంట్లోంచి రెండో దాంట్లోకి వెయ్యబోతే రాడ్డు ఎటో పోయి న్యూట్రల్‌లో ఉండిపోయిందంటే, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. మలుపు మీద మలుపు నొక్కుకుంటూ వస్తే బ్రేకులు కాగిపోతాయి, పట్టు తగ్గుతుంది. జనాన్ని ఎక్కించుకునే జీపును గేరు రాడ్డు ఊగుతుండగా ఆ ఘాట్‌లో దించడం తప్పని నేను గట్టిగానే చెబుతాను.

మా ఇంటికి దగ్గర్లో ఒక షెడ్డు ఉంది. అక్కడి మేస్త్రి పద్ధతి నాకు నచ్చుతుంది. గేరు పడటం లేదని బండి వస్తే ముందు బాక్సు మాట ఎత్తడు. "బయట సంగతి చూడకుండా లోపలికి పోకూడదు మాస్టారూ" అంటాడు. చదునైన చోట బండి పెట్టించి, ఇంజన్ ఆపి, చక్రాల కింద రాళ్లు వేసి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టాకే కిందికి దూరతాడు. పైన కుర్రాణ్ణి కూర్చోబెట్టి "నెమ్మదిగా ఊపు, వెనక్కి, ముందుకి" అంటాడు. టార్చి వేసి చూసేది ఒక్కటే. పైన రాడ్డు కదిలిన క్షణానికీ గేరు బాక్సు మీదున్న చిన్న చెయ్యి కదిలిన క్షణానికీ మధ్య ఎంత తేడా ఉందో. పైది కదిలి, కడ్డీ కదిలి, కీలు దగ్గర పిన్ను రంధ్రంలో అటు కొట్టుకుని ఇటు కొట్టుకుని, ఆ తర్వాత గానీ చిన్న చెయ్యి కదలకపోతే దొంగ దొరికినట్టే. బాక్సు చెయ్యి చివరంటా వెళ్తున్నా గేరు గరగరమంటే అది క్లచ్చో సింక్రో రింగో అయ్యుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా రాడ్డు ఎగిరిపడుతుంటే ఇంజన్ మౌంటింగులు చూడాలి. ఆ కాస్త చూపుతో ఇవన్నీ తేలిపోతాయి. అది చూడకుండానే బాక్సు దింపేసిన బళ్లు నాకు తెలుసు. దింపి, లోపల ఏదో మార్చి, ఎక్కించాక కూడా రాడ్డు అలాగే ఊగుతుంది.

విప్పిన పాత బుష్షును అరచేతిలో పెట్టుకుని చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటుంది. ఒక పక్క గోడ కాగితమంత పలచబడి, ఇంకో పక్క కొత్తదానిలాగే ఉంటుంది. లోపల నల్లటి మడ్డి, వేలితో రాస్తే ఇసుక గరుకు తగులుతుంది. ఆ ఇసుకే దాన్ని తినేసింది. రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు బూటు చిరిగితే దుమ్మూ వాన నీరూ సరాసరి కీలులోకి దిగుతాయి. బుష్షు మార్చి చిరిగిన బూటును అలాగే వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కొత్తది వెయ్యడంలో పనితనం ఉంది. నైలాన్ బుష్షు గట్టిగా ఉండి ఎక్కనంటే సుత్తితో బాదకూడదు, అంచు చిట్లుతుంది. కాసేపు వేడి నీళ్లలో వేస్తే మెత్తబడి, బొటనవేళ్లతో నొక్కితే టక్కున కూర్చుంటుంది. ఆ టక్కుమన్న చప్పుడు వినడం నాకు ఇష్టం. పాత సర్క్లిప్పూ స్ప్లిట్ పిన్నూ మళ్లీ పెట్టకూడదు. గ్రీజు కూడా చూసి రాయాలి. నైలాన్‌కు మామూలు లిథియం గ్రీజు బాగానే పనిచేస్తుంది, మామూలు రబ్బరు దానికి ఉబ్బి పాడవుతుంది, రబ్బరుకు సిలికాన్ గ్రీజే వాడాలి. పిన్ను మీద గాటు పడి ఉంటే పిన్ను కూడా మార్చాలి. అరిగిన పిన్నుకు కొత్త బుష్షు వేస్తే ఎన్నాళ్లో నిలవదు.

పాత మోడళ్లకు సామాను దొరకనప్పుడు లేత్ షాపే దిక్కు. ఆ విషయంలో అనకాపల్లి అదృష్టం చేసుకుంది. గానుగల పుణ్యమా అని బుష్షు తీయడం చేతనైన చేతులు ఇక్కడున్నాయి. గన్‌మెటల్ తీస్తుంటే పసుపు పచ్చటి పొట్టు రవ్వలా రాలుతుంది. నైలాన్ తీస్తుంటే తెల్లటి రిబ్బను పొడుగ్గా వచ్చి టూలుకు చుట్టుకుంటుంది. మంచి పనివాడు నైలాన్‌కు పిన్ను కొలతే పెట్టి ఆగడు. లోపలికి నొక్కినప్పుడు రంధ్రం కాస్త బిగుస్తుందనీ, నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుందనీ లెక్క వేసుకుని వెంట్రుకంత ఖాళీ వదులుతాడు. మరీ బిగుతైతే గేరు బరువుగా పడుతుంది, న్యూట్రల్‌కి తిరిగి రాదు.

"ఇత్తడిది వేయించెయ్యండి, జన్మలో చూసుకోనక్కర్లేదు" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. ఇత్తడి ఇంజన్ అదురును ఆపదు, అదంతా రాడ్డులోకి ఎక్కి నాబ్ జిమ్మంటుంది. పైగా గ్రీజు ఎండిందంటే ఇత్తడి తాను అరుగుతూ పిన్నునూ అరగదీస్తుంది. కంపెనీ మెత్తటిది పెట్టింది పిసినారితనంతో కాదు, ఖరీదైన భాగం బతకాలని. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించడం కూడా చూస్తుంటాం. దారిలో ఆగిపోయిన బండిని ఇంటికి చేర్చడానికి అది మంచి ఉపాయం. ఇల్లు చేరాక దాన్ని తీసెయ్యాలి.

కొత్త కార్లలో చాలావాటికి కడ్డీల బదులు కేబుళ్లు వచ్చాయి. కేబుల్ చివర కూడా ఉండేది చిన్న ప్లాస్టిక్ బుష్షే. అది విరిగితే రాడ్డు ఒక్కసారిగా చచ్చుబడిపోతుంది, ఏ గేరూ పడదు. మొత్తం కేబుల్ సెట్టు మార్చాలని చెప్పినప్పుడు చివరి బుష్షు విడిగా దొరుకుతుందేమో కనుక్కోవడంలో తప్పు లేదు.

నడిపేవాళ్లతో ఒక మాట. ఎడమ చెయ్యి రాడ్డు మీద వేసి నడిపే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ బరువు బుష్షుల మీదా, బాక్సు లోపలి ఫోర్కు మీదా రోజంతా పడుతూనే ఉంటుంది. గేరు వేశాక చెయ్యి తీసి స్టీరింగ్ మీద పెట్టండి. ఈసారి బండి సర్వీసుకిచ్చినప్పుడు ఇంజన్ ఆయిల్, బ్రేకులతో పాటు గేరు లింకేజీ బుష్షులు కూడా చూడమని నోరు తెరిచి అడగండి. మార్చామంటే పాతవి ఇమ్మని చేతిలోకి తీసుకుని రంధ్రం చూడండి. బాక్సు దింపాలని ఎవరైనా అంటే, ముందు కింద బుష్షులు చూశారా అని అడిగిన తర్వాతే సరేననండి.